హెడ్‌లైట్ల లైను

ఆ రోజు ఉదయం శ్రీమన్నారాయణ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి. కారు హెడ్‌లైట్లు రెండూ రుద్ది మెరిసేలా చేయాలి. మధ్యాహ్నం పన్నెండు లోపల ఆ కారుని బ్రేకు ఇన్‌స్పెక్టరుకి చూపించి, ఇంకో అయిదేళ్ళు తిరగడానికి పనికొస్తుందని రాయించుకుని రావాలి. వీటిలో కాఫీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కారుకి పదిహేనేళ్ళు నిండాయి. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి, రంగు కూడా కాస్త దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. హెడ్‌లైట్ల అద్దాలు మాత్రం తిరుపతి ఎండకి పచ్చబడి, మసకబారి ఆముదం సీసాల్లా తయారయ్యాయి. పోయిన వారం పరీక్షకి తీసుకువెళ్ళినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు మునిచంద్ర వాటి ఎదురుగా నిలబడి, "లైటు వేయి సామీ" అన్నాడు. కాసేపాగి, "వేయి సామీ, టైమవతా ఉండాది" అన్నాడు. "వేసే ఉండాను సార్" అన్నాడు శ్రీమన్నారాయణ. అంతటితో పరీక్ష ముగిసింది. ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే కారుని తుక్కు కింద రాసేయక తప్పదనీ చెప్పి ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఇంటికి పంపాడు.

కొత్త లైట్లు వేయిద్దామంటే ఆ మోడలుని తయారుచేసినవాళ్ళే మరిచిపోయారు. తిరుపతిలో దొరకలేదు, చిత్తూరులో దొరకలేదు. చెన్నై పుదుపేటలో పాత సామాన్లు అమ్మే ఆయన ఫోనులో మోడలు పేరు విని, "అది ఇంకా తిరగతా ఉండాదా సార్?" అని భక్తిగా అడిగి, ఒక ఫోటో పంపమని బతిమాలాడు. లైట్లు మాత్రం లేవన్నాడు.

కారు పోతే ఏమవుతుందో శ్రీమన్నారాయణకి బాగా తెలుసు. అల్లుడు పరాశర్ వస్తాడు. పరాశర్ చాలా మంచి పిల్లవాడు, వచ్చిన చిక్కంతా అదే. "మీకు కారెందుకు మామయ్యా, ఒక్క ఫోన్ చేయండి" అంటాడు. తన కారు వెనకసీట్లో కూర్చోబెడతాడు. వంగి సీటుబెల్టు తనే పెడతాడు. ఏసీ ఎక్కువైందా అని అడుగుతాడు, తక్కువైందా అని అడుగుతాడు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. ఒకసారి అలా గోవిందరాజస్వామి గుడి దాకా వెళ్ళివచ్చిన రోజు శ్రీమన్నారాయణ భోజనం కూడా చేయలేదు. తను మనిషా, పార్సిలా అన్న అనుమానం ఆయన్ని పట్టుకుంది. ఆ కారు ఉన్నంతకాలం ఆయన మనిషి. అది తుక్కులోకి పోయిన మరుక్షణం పార్సిలు.

పైగా ఆయన మామూలు మనిషి కాదు. ఒక గుడి ట్రస్టు ఆఫీసులో క్యూలైన్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తాడు కట్టడం, గేటు తీయడం, గేటు వేయడం, "లైన్లో రండి" అనడం, ఇదే ఆయన జీవితం. మంత్రులొచ్చినా, మంత్రుల బావమరుదులొచ్చినా ఆయన నిలబడ్డ గేటు దగ్గర మధ్యలో దూరినవాడు లేడు. ఆ కారణంగా ఆయనకి ప్రమోషన్లు కూడా లైన్లోనే వచ్చాయి, ఒక్కటీ ముందుగా రాలేదు.

"అది ఫోనులో చూసి చేసే పనేనా అండీ?" అని అడిగింది భార్య వకుళాదేవి, ఆయన ఉప్పుకాగితాలు, పాలిష్ పేస్టు, టేపు చుట్ట వసారాలో పేర్చుకుంటూ ఉంటే. "పోయినసారి ఫోనులో చూసి మిక్సీ బాగుచేసినారు. అప్పట్నుంచి నేను రోట్లో రుబ్బతా ఉండాను."

"మిక్సీ వేరు, ఇది వేరు. ఇందులో విప్పేదేమీ లేదు. రుద్దేదే."

"రుద్దేదైతే నాకు జెప్పకూడదా? ముప్పై ఏళ్ళుగా గిన్నెలు రుద్దతా ఉండాను."

శ్రీమన్నారాయణ ఆ మాట విననట్టు బయటికి నడిచాడు. లోపల వెలుతురు చాలదని కారు ముక్కు గేటు దాకా వచ్చేట్టు నిలిపాడు. లైటు చుట్టూ రంగు గీరుకుపోకుండా టేపు అంటించాడు. తడి అద్దం మీద దుమ్ము పడకుండా, వీధికుక్కలు రాకుండా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి వాటికి బట్టలారేసే తాడు కట్టాడు. తాడు కట్టడంలో ఆయనది తిరిగిన చెయ్యి. ఎడమవైపు లోపలికి వచ్చే దారి, కుడివైపు బయటికి పోయే దారి వాటంతట అవే ఏర్పడ్డాయి.

గరుకు ఉప్పుకాగితం నీళ్ళలో ముంచి ఎడమ లైటుని గట్టిగా రుద్దాడు. పచ్చదనం పోయింది. దాని బదులు అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. ఇప్పుడు లైటు అంటూ ఒకటి లోపల ఉందని కూడా తెలియడం లేదు. ఉన్న కాస్త చూపూ తన చేత్తోనే తీసేశానా అనుకుని, నాలుగిళ్ళ అవతల సీటు కవర్ల అంగడి నడిపే నియాజ్‌ని కేకేశాడు.

నియాజ్ వచ్చి, వంగి చూసి, వేలితో తడిమాడు. "కంగారు పడొద్దు సామీ. గరుకుది రుద్దితే తెల్లగానే అయితాది. దాని మీద నడిమిరకం, ఆమీద మెత్తది, కడాన పేస్టు. అప్పుడు సూడండి, నీళ్ళ మాదిరి ఉంటాది."

"ఎంతసేపు పడతాది?"

"మీ చెయ్యి ఒక్కటే అయితే సాయంత్రం దాకా."

"పన్నెండుకి ఇన్‌స్పెక్టరు దగ్గరుండాల నియాజ్!"

"అయితే మాట్లాడకుండా రుద్దండి" అని నియాజ్ ఇంటికి వెళ్ళి, తన వ్యానుకి చెందిన పాత లైటు అద్దం ఒకటి పట్టుకుని తిరిగొచ్చాడు. సామిది అయ్యాక మిగిలిన కాగితాలతో తనదీ రుద్దుకుందామని ఆయన ఆలోచన. అంతలో ఆ దారిన పోతున్న ఆటో ప్రేమానందం బండి ఆపి, సంగతి తెలుసుకుని, తన ఆటో లైటు ఊడదీసుకుని వచ్చాడు. ఇద్దరూ రెండు భుజాల మీదుగా వంగి చూడడం మొదలుపెట్టారు. వెలుతురు అడ్డమైంది. శ్రీమన్నారాయణకి ఒళ్ళు మండింది. తల ఎత్తకుండానే అరిచాడు.

"లైన్లో రండి! ఒకరెనక ఒకరు! తోసుకోవద్దు!"

మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు కాలేదు. ఆ కేక వీధి చివరిదాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడు బంగారుపాళ్యం నుంచి వచ్చిన ఒక గుంపు గుండ్లు కొట్టించుకుని, సంచులు మోసుకుంటూ, బస కోసం ఆ వీధిలోంచి పోతోంది. ముందు నడుస్తున్న పెద్దమనిషి కుప్పయ్య, మామిడితోటల ఆసామి. ఆయన ఆగి చూశాడు. తాడు కట్టి ఉంది. తాడు లోపల నామం పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. ముందు ఇద్దరు మనుషులు చేతుల్లో ఏవో పట్టుకుని వినయంగా నిలబడి ఉన్నారు. తిరుపతికి వచ్చి, ఇంత స్పష్టంగా కనిపిస్తున్న లైనుని వదిలేసి పోవడం కుప్పయ్య వల్ల కాలేదు. వెళ్ళి ప్రేమానందం వెనక నిలబడ్డాడు. ఆయన వెనక గుంపంతా నిలబడింది.

"దేనికి మామా ఈ లైను?" అంది వెనక నుంచి కోడలు.

"గమ్మునుండుమే. అడగను పోతే లైను పోతాది."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. లైను దేనికో తెలియాలంటే ముందుకు వెళ్ళి అడగాలి. ముందుకు వెళితే మధ్యలో దూరుతున్నాడని వెనకవాళ్ళు అరుస్తారు. అందుకని తెలియనివాళ్ళందరూ వెనకే నిలబడ్డారు, వాళ్ళని చూసి ఇంకా తెలియనివాళ్ళు వాళ్ళ వెనక నిలబడ్డారు. శ్రీమన్నారాయణ కళ్ళజోడు తుడుచుకోవడానికి తల ఎత్తేసరికి లైను వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ఆయన రెండు చేతులూ ఎత్తి చెప్పాడు. "అయ్యా, ఇది మా ఇల్లు! ఇది నా సొంత కారు! ఈడ ఏమీ ఇయ్యడం లేదు! దయచేసి ఎళ్ళండి!"

లైను శ్రద్ధగా వింది. విని ఒక అడుగు ముందుకు జరిగింది.

"చూసినారా?" అని కుప్పయ్య వెనకవాళ్ళకి వివరించాడు. "ఏమీ లేదని ఇంత గట్టిగా జెప్తా ఉండాడంటే ఇంగ కాసేపట్లో తెరిసేస్తారు."

ఉద్యోగంలో ఉండగా తోపులాట తగ్గించడానికి "ఏమీ లేదు" అన్న ఈ మాటే శ్రీమన్నారాయణ లెక్కలేనన్నిసార్లు అన్నాడు. అన్న కాసేపటికి గేటూ తీశాడు.

నియాజ్, ప్రేమానందం తమ అద్దాలు పక్కన పెట్టి సాయానికి తాడు లోపలికి వచ్చారు. దాంతో కుప్పయ్య లైనుకి మొదటివాడయ్యాడు. చెప్పులు విడిచి, కారు ముందుకు వచ్చి, తెల్లబడిన లైటునీ శ్రీమన్నారాయణనీ మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడేం జెయ్యాల సామీ?"

శ్రీమన్నారాయణకి భుజం లాగుతోంది. ఎండ ఎక్కుతోంది. పన్నెండు దగ్గరికొస్తోంది. "ఏం జేస్తావప్పా? రుద్దు!" అని కసురుకుని ఉప్పుకాగితం ఆయన చేతిలో పెట్టాడు.

కసిరింది కోపంతో. కుప్పయ్య దాన్ని కోపంగా తీసుకోలేదు. ఇంతసేపు నిలబడి ఊరికే ఎలా పోతాడు? కాగితం నీళ్ళలో ముంచి, తోటలో పనిచేసిన చేతులతో కసకసా రుద్దాడు. తడిచేతులు కళ్ళకద్దుకుని, కాగితం వెనకామెకి ఇచ్చి, కుడివైపు దారిన బయటికి నడిచాడు. కోడలు మామ ఏం చేశాడో అచ్చంగా అదే చేసింది. ఆమె వెనకవాడు ఆమె చేసింది చేశాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం రాలేదు.

శ్రీమన్నారాయణ ఆపాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడే లైటు మూల ఒకచోట తెలుపు విడిచి లోపలి బల్బు కనిపించింది. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. పది చేతులు పడితే ఇంత తేడా వచ్చిందే, ఈ లైనంతా రుద్దితే!

"ఎడమ లైటు మగోళ్ళకి! కుడి లైటు ఆడోళ్ళకి!" అని కేకేశాడు. "ఒక్కొక్కరు పదిసార్లు రుద్ది కదలాల! నీళ్ళు లేకుండా రుద్దొద్దు! గోళ్ళు తగలనీయొద్దు తల్లీ! నియాజ్, మగోళ్ళ కాగితం మార్చు, నడిమిరకం ఇయ్యి!"

నియాజ్ కాగితాలు మారుస్తున్నాడు, ప్రేమానందం చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. లైను సాఫీగా కదులుతోంది. పిల్లల్ని ఎత్తుకుని వాళ్ళ చేత కూడా రుద్దిస్తున్నారు. రిటైరైన తర్వాత శ్రీమన్నారాయణ ఇంత సంతోషంగా ఎప్పుడూ లేడు. వెన్ను నిటారైంది, భుజం నొప్పి ఏమైందో ఆయనకే తెలియలేదు.

గోలకి వకుళాదేవి బయటికి వచ్చింది. చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ ఇది? ఎవరు వీళ్ళంతా?"

"భక్తులు."

"భక్తులు మన కారెందుకు రుద్దతా ఉండారు?"

"నేను రుద్దమనలేదు వకుళా. అంటే, ఒక్కరినే అన్నాను."

"పాపం తగలదూ? దేవుడి కోసం వచ్చినోళ్ళ చేత లైట్లు తోమిస్తారా? ఆగండి, నేను జెప్తాను" అని ఆమె బయటికి పోయే దారి దగ్గర నిలబడి, రుద్దిన ప్రతి మనిషికీ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. "అమ్మా, ఇది మా కారు. దేవుడిది గాదు. మా ఆయన పరీక్షకి తీసుకుపోవాల."

"ఎవురిదైతే ఏముందిలే తల్లీ" అని వాళ్ళు ఆమెకి కూడా ఓ నమస్కారం పెట్టి పోతున్నారు. నిజం చెప్పినా పాపం తగ్గినట్టు ఆమెకి అనిపించలేదు. వాళ్ళ కష్టం ఉంచుకోకూడదని లోపలికి పోయి గుండిగెడు పులిహోర కలిపి తెచ్చి, తలా ఒక ముద్ద దొన్నెలో పెట్టి ఇవ్వసాగింది. ఇది ఆమె చేసిన పొరపాటు. అంతవరకూ లైను మీద కొందరికైనా అనుమానం ఉండేది. చివర పులిహోర పెడుతున్నారని తెలిసేసరికి ఆ అనుమానం కూడా పోయింది. పక్కవీధి లైనులో నిలబడ్డవాళ్ళు సైతం అది వదిలేసి ఇటు వచ్చేశారు.

పదకొండు దాటేసరికి రెండు లైట్లూ నీళ్ళలా తేటపడ్డాయి. నియాజ్ మెత్తకాగితం, పేస్టు కూడా పూర్తిచేసి, గుడ్డతో తుడిచి పక్కకి జరిగాడు. లోపలి మెరుపురేకు, బల్బు, బల్బు మీది అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. శ్రీమన్నారాయణకి కళ్ళు చెమర్చాయి. కారు కొన్న రోజు కూడా ఆ లైట్లు అంత బాగాలేవు.

"అయిపోయింది! అందరికీ చాలా సంతోషం! దారి ఇడిస్తే నేను కారు తీసుకొని పోవాల!"

వీధి వీధంతా భగ్గుమంది. "ముందోళ్ళు రుద్దినారు, మేమేం పాపం జేసినాం?" అన్నారు వెనకవాళ్ళు. "పొద్దుట్నుంచి నిలబడి ఉండాము!" అన్నారు వాళ్ళ వెనకవాళ్ళు. ఆ గోల విని కానిస్టేబులు ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. లైనుని చెదరగొడతాడని శ్రీమన్నారాయణ ఆశపడ్డాడు. కానిస్టేబులు అటూ ఇటూ చూసి, లైను బాగుందే అనుకుని, వీధికి ఈ కొసనా ఆ కొసనా అడ్డంగా కర్రలు కట్టించి, వాహనాలు రాకుండా, పోకుండా ఆపేశాడు. "మీరు కానీండి సామీ, నేను చూసుకుంటా" అని ధైర్యం చెప్పాడు.

ఇప్పుడు కారు సిద్ధంగా ఉంది, దారి లేదు. నియాజ్ మెత్తటి గుడ్డ ఒకటి తెచ్చి, "కాగితాలు దాచేస్తా సామీ. దీంతో తుడిసి పొమ్మనండి, అద్దానికేం కాదు" అని ఉపాయం చెప్పాడు. లైను గుడ్డ పట్టుకుని కదిలింది. పన్నెండుకి అరగంట కూడా లేదు. శ్రీమన్నారాయణ తాడు పట్టుకుని లైను వెంట చూపు పరిగెత్తించాడు, ఎంతమంది మిగిలారో చూద్దామని. గేటుకి కాస్త దూరంలో ఆ చూపు ఆగిపోయింది.

ఖాకీ బట్టల్లో, చంకలో చెప్పులు పెట్టుకుని, బ్రేకు ఇన్‌స్పెక్టరు మునిచంద్ర నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ఒక బలమైన ముసలామె, ఆయన అత్తగారు దేవకమ్మ.

"సార్! మీరా?"

"సామీ! మీరు ఈడ లైను చూస్తా ఉండారా?" మునిచంద్ర మొహం వికసించింది. గొంతు తగ్గించాడు. "చిత్తూరు నుంచి మా అత్త వచ్చింది. ఏదో కొత్త లైను ఇచ్చినారంట, పులిహోర కూడా పెడతా ఉండారంట, తీసుకుపో అల్లుడూ అని ప్రాణం తీసింది. డ్యూటీ నడుమ ఒక్క నిమిషం అనుకుని వచ్చినాను. ఇరుక్కుపోయినా. పన్నెండుకి నేను బండ్ల పరీక్ష ట్రాకు దగ్గర లేకపోతే మా పైఆఫీసరు ఊరుకోడు. ఒక్క సాయం జెయ్యండి. మమ్మల్ని ముందుకి పంపించేయండి. ఆమెది కానిచ్చుకుని, మీ కారు కూడా నా ఎనకాలే తెచ్చేయండి. లైట్లు నేను చూసుకుంటా."

శ్రీమన్నారాయణ తాడు గట్టిగా పట్టుకున్నాడు. అడ్డు తీస్తే చాలు. ఇద్దరు మనుషులు పక్కకి వచ్చేస్తారు, కానిస్టేబులుకి ఇన్‌స్పెక్టరు ఒక్కమాట చెబితే వీధి ఖాళీ అవుతుంది, కారు పరీక్షకి పోతుంది, పరాశర్ తన బెల్టు తనే పెట్టుకుంటాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి కోసమూ ఎత్తని తాడు. ఇన్‌స్పెక్టరు ముందు కుప్పయ్యలాంటి వాళ్ళు ఒక పాతికమంది, చంటిపిల్లల్ని ఎత్తుకుని, ఎండలో నిలబడి, ఆయన వైపే చూస్తున్నారు. తాడు మాత్రం పైకి లేవలేదు.

"లైన్లో రండి సార్" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

పన్నెండైంది. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే శ్రీమన్నారాయణకి తెలిసింది. తాడు వదిలేసి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. వకుళాదేవి ఒక దొన్నె పులిహోర తెచ్చి ఒళ్ళో పెడితే అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

దేవకమ్మ వంతు వచ్చింది. నియాజ్ మెత్తటి గుడ్డ అందించాడు. ఆమె దాన్ని చూసి మొహం చిట్లించింది.

"ముందోళ్ళంతా కాయితంతో రుద్దినారంట. నాకు గుడ్డ ఇస్తా ఉండావేందిరా? నేనేం తక్కువదాన్నా?"

"అయిపోయింది పెద్దమ్మా. ఇప్పుడు గుడ్డే."

"ఆడేముండాది మరి?" అంటూ ఆమె నియాజ్ కుర్చీ కింద దాచిన కాగితాల్లోంచి ఒకటి లాగింది. అది గరుకుది. నియాజ్ "అమ్మీ, వద్దు" అనేలోపల ఆమె కుడిలైటుని, అల్లుడికి అంట్లు తోమి చూపించినంత పట్టుదలగా రుద్దేసింది. అద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. లైను మొత్తం అయ్యో అంది.

దేవకమ్మ బెదిరింది. చేతిలో కాగితాన్నీ లైటునీ చూసుకుంది. "నా చెయ్యి తగిలి చెడిపాయనే! ఇంతమంది రుద్దిందంతా నేను పాడుజేసినానే!" అని ఏడుపందుకుని, అంతలోనే అల్లుడి వైపు తిరిగింది. "చూస్తా నిలబడినావేం? పట్టు! మళ్ళీ ఎట్లుండిందో అట్లా జెయ్యి!"

"అత్తా, నేను డ్యూటీలో..."

"పట్టు అంటా ఉండానా!"

బ్రేకు ఇన్‌స్పెక్టరు మునిచంద్ర ఖాకీ చొక్కా చేతులు మడిచి కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. నియాజ్ పక్కన కూర్చుని నడిమిరకం ఇచ్చాడు, మెత్తది ఇచ్చాడు, పేస్టు ఇచ్చాడు. దేవకమ్మ పైన నిలబడి, "ఆ మూల! ఆ మూల తెల్లగా ఉండాది!" అని చూపిస్తోంది. వారం క్రితం ఏ లైటు ముందు నిలబడి వెలుగు కనపడలేదన్నాడో, అదే లైటు ముందు మునిచంద్ర చెమటలు కారుస్తూ రుద్దాడు. మొత్తానికి అద్దం తేటపడింది. దేవకమ్మ లైటు వేయమంది. శ్రీమన్నారాయణ నీరసంగా లేచి స్విచ్చి వేశాడు. ముందు నిలబడ్డ ఆమె మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అబ్బా! కండ్లు పోతాయి, ఆపండి!" అని సంతోషంగా అరిచింది. లైనంతా చప్పట్లు కొట్టింది.

మునిచంద్ర నడుం పట్టుకుని లేచాడు. "కాగితాలు తెండి సామీ. రాసేస్తా."

ఎంత ఆశ ఉన్నా శ్రీమన్నారాయణకి నోరు ఊరుకోలేదు. "పన్నెండు దాటిపోయింది సార్. ఆలస్యమైపోయింది. రూలు రూలే కదా."

"ఆలస్యం యాడైంది?" మునిచంద్ర పేస్టు అంటిన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "పన్నెండుకి మీ కారు ఈడే ఉండాది. నేనూ ఈడే ఉండాను. మా మధ్యన లైను ఉండిందంతే. ఇన్నేళ్ళలో నాకు లైన్లో రమ్మని జెప్పిన మనిషి మీరొక్కరే. పైగా ఈ లైటు నేను రుద్దింది. దీన్ని ఫెయిల్ చేస్తే మా అత్త నన్ను ఇంట్లోకి రానిస్తాదా?" అని బ్రేకు తొక్కించి, హారను కొట్టించి, బండి చుట్టూ తిరిగి చూసి, కారు ఇంకో అయిదేళ్ళు రోడ్డు మీద తిరగడానికి అన్నివిధాలా పనికొస్తుందని రాసి ఇచ్చాడు. అత్తా అల్లుళ్ళు పులిహోర తిని వెళ్ళారు. శ్రీమన్నారాయణ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇక తను పార్సిలు కాదని వకుళాదేవి చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

మర్నాడు తెల్లవారకముందే గేటు బయట లైను ఉంది. ఆ మర్నాడూ ఉంది. పులిహోర కోసమా, లైటు కోసమా అన్నది ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళూ లేరు. వీధి మొదట్లో ఒకామె పూలగంప దించింది, ఎవరో చెప్పుల స్టాండు పెట్టారు, కానిస్టేబులు రోజూ వచ్చి కర్రలు కట్టిపోతున్నాడు. శ్రీమన్నారాయణ నాలుగురోజులు వరసగా కారెక్కి ఇంజను వేశాడు. నాలుగురోజులూ లైటు ముందు ఒక మనిషి, ఆ మనిషి వెనక ఒక మనిషి ఉన్నారు. కారు కదలాలంటే లైను విరగాలి. హారను మీద చెయ్యి పెట్టి, కాసేపు కూర్చుని, తీసేసి, దిగి, "ఒకరెనక ఒకరు రండి" అన్నాడు.

ఆ వారంలోనే చిత్తూరులో వకుళాదేవి చెల్లెలి కూతురికి సీమంతం వచ్చింది. పరాశర్‌కి ఫోన్ చేయనా అని ఆమె అడిగింది. శ్రీమన్నారాయణ గొడుగు తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. చిత్తూరు బస్సు కిక్కిరిసి ఉంది. వకుళాదేవికి సీటు దొరికింది, ఆయన పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు వచ్చి టికెట్ అన్నాడు. ఆయన పరధ్యానంగా జేబులో చెయ్యి పెట్టి, చేతికందిన కాగితం తీసి ఇచ్చాడు.

కండక్టరు దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఓపికగా చదివి, జాగ్రత్తగా మడిచి, తిరిగి ఆయన జేబులో పెట్టాడు. "లైట్లు బాగుండాయంట, సంతోషం. రెండు చిత్తూర్లేనా సామీ?"